ఎర్ర గీత దాటిన అడ్డురేకు

ఏడేళ్లుగా ఒక ఇనుప రేకు బరువు మోస్తున్నాను. తూస్తే అరపావు కూడా ఉండదు. జీవితమంతా తూచినవాటినీ, కొలిచినవాటినీ మాత్రమే నమ్మినవాణ్ణి నేను; ఈ ఒక్కదాని బరువు ఏ తూకానికీ అందలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లనే చెప్పగలుగుతున్నానేమో.

మణుగూరు దాటాక అడవి అంచున మా ఇల్లు. గనుల్లో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. పుష్యమాసంలో అక్కడి చలి పెంకుల సందుల్లోంచి దిగుతుంది. 2002 జనవరిలో మా అమ్మాయి సరోజ తొలికాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మా వైపు బాలింత గదిలోకి గాలి చొరనివ్వరు. తలుపు సందుల్లో, కిటికీ రెక్కల మధ్య పాత చీరల పేలికలు కుక్కి, మంచం కింద నిప్పుల కుంపటి పెడతారు. కుంపటి పొగ పసిబిడ్డకు మంచిది కాదని నేను వద్దన్నాను. పాత డ్రమ్ము కోయించి, వెల్డింగ్ పెట్టించి, గోడలోంచి బయటికి పోయే గొట్టంతో కట్టెల పొయ్యి ఒకటి చేయించాను. గొట్టం మధ్యలో తిప్పితే మూసుకునే అడ్డురేకు ఉంటుంది. కొంత మూస్తే వేడి గదిలో నిలుస్తుంది. పూర్తిగా మూస్తే పొగ కూడా నిలుస్తుంది. అందుకని ఎంతవరకు తిప్పవచ్చో గొట్టం మీద నేనే ఎర్ర రంగుతో గీత గీశాను. గోడకు థర్మామీటరు తగిలించాను. ఇరవై నాలుగు డిగ్రీలు ఉండాలని నిర్ణయించాను.

"పాలు గూడ టేపు వెట్టి కొలిచి తాపుమంటడేమో మీ నాయిన," అని నా భార్య అనసూయ నవ్వింది. కుట్లు నొప్పి పెడుతున్నా సరోజ కూడా నవ్వింది. వాళ్లిద్దరూ ఒకే మాటకు నవ్వడం ఆ తరువాత నేను వినలేదు.

కట్టెలు ఆరబెట్టడం, బూడిద తీయడం, ఆదివారం విడిచి ఆదివారం గొట్టం విప్పి మసి దులపడం నా పనులు. నిప్పును కనిపెట్టుకుని ఉండడం అనసూయ పని. ఆ వారం అకాలపు ముసురు పట్టింది. కట్టెలు చెమ్మగిల్లాయి. గొట్టంలో మసి మామూలుకంటే ఎక్కువే పట్టి ఉంటుందని తోచింది. కానీ మసి దులిపే ఆదివారం ఇంకా రాలేదు. తేదీ రాకముందే విప్పడం నా పద్ధతి కాదు.

తెల్లవారుతుండగా గదిలోకి వెళ్లాను. రాత్రంతా మేలుకున్న అనసూయ గోడకానుకుని కునుకు తీస్తోంది. తల్లీబిడ్డలు నిద్రలో ఉన్నారు. థర్మామీటరు ఇరవై ఒకటి చూపింది. రేకు తిప్పాను. గీత దగ్గరికి వచ్చింది. ఆగలేదు, గీత దాటించి మూసేశాను. ఎందుకు? నా అంకె నాకు కావాలి. కాసేపట్లో వచ్చి తెరుద్దామనుకున్నాను. పెరట్లో కట్టెల మీద కప్పిన పట్టా గాలికి లేచిపోయి ఉంది. దాన్ని కడుతూ ఉండిపోయాను. మరిచిపోయానా? లేక మరిచిపోయానని అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది కాబట్టి అలా అంటున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

అనసూయ అరుపు వినిపించింది. ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, ఒక చేత్తో సరోజను పట్టుకుని, తూలుతూ గడప దాకా వచ్చింది. బిడ్డ మెడ వాలిపోయింది. నేను లోపలికి పరుగెత్తి మొదట చేసిన పని రేకు తెరవడం. ఎవరూ చూడలేదు.

జీపులో భద్రాచలం దవాఖానాకు వెళ్లాం. సాయంత్రానికి బిడ్డ గట్టిగా ఏడ్చింది. బతికింది. పొగ పోయే దారి ఎవరైనా మూశారా అని డాక్టరు అడిగి వెళ్లాడు. అనసూయ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, ఆ రేకు నేనే మూసిన్నా ఏంది? నిద్రమబ్బుల తిప్పిన్నేమో. యాదికొస్తలేదు. నువ్వు జూసినవా?"

"నేను పెరట్ల ఉన్న. నాకేం తెలుసు."

మంచం మీదనుంచి సరోజ విన్నది. "నిన్ను నమ్మి కండ్లు మూసిన గదనే అమ్మా," అన్నది.

అప్పుడు చెప్పవలసింది.

సరోజ దమ్మపేటలోని అత్తవారింటికి వెళ్లిపోయింది. వచ్చిపోయేది, పిల్లను మాత్రం తల్లి దగ్గర ఒంటరిగా వదిలేది కాదు. అనసూయ చేతులు చాస్తే, "నీకెందుకే అమ్మా కష్టం," అని తానే ఎత్తుకునేది. ఆ మర్యాదను నేను చూస్తూ కూర్చునేవాణ్ణి.

అనసూయకు తన చేతుల మీద నమ్మకం పోయింది. వంట ముగించి గ్యాసు కట్టేసి, మళ్లీ వచ్చి అడిగేది: "ఒకపారి జూడయ్యా, కట్టేసిన్నా?" నేను లేచి చూసి, "కట్టేసినవ్," అనేవాణ్ణి. ఆ ప్రశ్నకు అడిగినప్పుడల్లా నిజమే చెప్పాను. మొదటి ప్రశ్నకు ఒక్కసారీ చెప్పలేదు. కూతురు దూరమవుతుందన్న భయమా? నా లెక్క తప్పిందని ఒప్పుకోలేని అహంకారమా? రెండూ అని రాయడం తేలిక. ఏది ఎంతో నాకు తెలియదు.

నిరుడు అనసూయ పోయింది. దవాఖానా మంచం మీద కూడా గ్యాసు సంగతి అడిగింది. కట్టేసినవని చెప్పాను.

మొన్న మనవరాలు వచ్చింది. చల్లబడిన ఆ పొయ్యి గొట్టాన్ని తడుముతూ, "తాతా, గీ ఎర్ర గీత ఏంది?" అని అడిగింది.

"రేకు అంతవరకే తిప్పాలె బిడ్డా."

"దాటితే?"

సరోజ పిల్ల చెయ్యి పట్టి మెల్లగా వెనక్కి తీసుకుంది. "మీ అమ్మమ్మకు ఎరుక. పా," అన్నది.

అప్పుడూ చెప్పలేదు. చెప్పినా వినవలసిన మనిషి లేదు. ఉన్న మనిషికి చెప్పే శక్తి నాకు లేదు. ముఖం తెలియని మీ ముందు మాత్రం రాయగలుగుతున్నాను. ముసురు పట్టిన ఆ ఉదయం రేకును గీత దాటించింది నేను. అనసూయ నిద్రలో ఉంది.