ఎస్తేరమ్మ ఆంటీకి అప్పజెప్పిన పాఠాలు

ఈ రోజు పొద్దున వైట్‌ఫీల్డ్‌లోని మా ఫోటో ఎడిటింగ్ ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఇయర్‌ఫోన్ సరిగ్గా తగిలించుకోలేదు. వీడియోలో ఎవరో కుర్రాడు ఇంగ్లీషులో గబగబా పాఠం చెబుతున్న గొంతు హాలంతా వినబడింది. అందరూ విసుక్కున్నారు. నాకు మాత్రం ఎస్తేరమ్మ ఆంటీ గుర్తొచ్చి, పని ఆపేసి కూర్చున్నాను.

దొడ్డబళ్ళాపురంలో ఆంటీకి చిన్న ఫోటో స్టూడియో ఉండేది. డిగ్రీ ముగించి మదనపల్లె నుంచి వచ్చిన నన్ను పనిలో పెట్టుకునే నాటికి నాకు మౌసు పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. ఆవిడకు అదీ రాదు. రీలు కెమెరాల కాలంలో నెగటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో ముఖాలు దిద్దిన మనిషి. నేర్పేవాళ్ళు లేక నాకు వీడియోలే గురువులయ్యాయి. రోజూ ఒక వీడియో చూడాలి, చూసింది మర్నాడు పొద్దున ఆవిడకు తెలుగులో అప్పజెప్పాలి. అది ఆంటీ పెట్టిన షరతు.

“మీకెందుకు ఆంటీ ఇదంతా? మీరు కంప్యూటర్ ముట్టుకోరు కదా?” అన్నాను ఒకసారి విసుగొచ్చి.

“నాకు చెప్పలేకపోతివంటే నీకు అర్థం కాలేదని లెక్క. మళ్ళా చూడు పో,” అంది.

లేయర్లంటే ఏమిటో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అసలు ఫోటో మీద అద్దం పెట్టి, ఆ అద్దం మీద రంగు వేయడం లాంటిదని చెప్పేసరికి ఆవిడ ముఖం వెలిగింది. “అట్లయితే అడుగుదాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. మా కాలంలో ఒకసారి గీకితే పోయిందంతే.” ఆ మాట వీడియోల్లోనూ చెప్పారు గానీ, నా చెవికెక్కింది ఆవిడ చెబితేనే.

ఏడాది తిరిగేసరికి నాకు కాస్త పొగరెక్కింది. అప్పుడొచ్చాడు నంజప్ప అనే నేతగాడు. భార్య పోయింది, ఎల్లుండి పెద్దకర్మ. ఆమెకున్నది ఒక్కటే ఫోటో, ఎవరి పెళ్ళిలోనో పదిమంది మధ్య నిలబడినది. నేర్చిన విద్యంతా చూపించాను. ముఖం పెద్దది చేసి, చర్మం నునుపు చేసి, రంగు తేల్చి, కనుబొమ మీది గాటు మాయం చేశాను. మర్నాడు ఆయన ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

“శానా బాగుండాది తల్లీ. అయితే ఈమె ఎవరు?”

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ నన్నొక్క మాట అనలేదు. “తప్పు నాదప్పా. నిన్ను అడగకుండా చేయించినాను,” అని ఆయనకు నా పక్కనే కుర్చీ వేసింది. అడుగు లేయరు చెక్కుచెదరలేదు కాబట్టి, చేసినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ వచ్చాను.

“ఆ గాటు ఉండనీ తల్లీ. మగ్గం మీద దారంతో అటూ ఇటూ ఆడే నాడె ఎగిరి తగిలింది. రంగు ఇంకొంచెం దించు. ఆమె నలుపే,” అంటూ చెప్పాడు నంజప్ప. కాసేపటికి తెరకేసి చూస్తూ, “వచ్చింది,” అన్నాడు.

ఆనాటి నుంచి పోయినవాళ్ళ ముఖం ఏది దిద్దినా ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. మెయిల్‌లో పంపితే పోయేదానికి ఇంత తతంగమా అని ఇక్కడి కుర్రకారు నవ్వుతారు. నవ్వనీ. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆంటీ పెట్టిందే, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

పోయిన నెల ఆంటీ కన్నుమూసింది. ప్రార్థన కూటానికి ఫోటో నేనే చేశాను. మూడేళ్ళు పక్కన కూర్చున్నదాన్ని, ఆవిడ ముఖం గురించి ఇంకెవర్ని అడగాలి? అయినా అలవాటు కొద్దీ ఆవిడ కూతురు రూతును పిలిచి కుర్చీ వేశాను. రూతు కొంచెంసేపు చూసి మెల్లగా అంది:

“అక్కా, అమ్మ ఎడమ కన్ను కొంచెం చిన్నది. నెగటివ్‌లు దిద్దేటప్పుడు అది మూసుకుని మూసుకుని అట్లే అయిపోయింది. నువ్వు సమానం చేసేసినావు.”

ఫోటోలో లోపమనుకుని సరిచేశాను. మూడేళ్ళలో ఆ కన్ను నేను చూడనే లేదు. దాన్ని మళ్ళీ చిన్నది చేశాను. ఆంటీ వచ్చింది.