ఎరుపు రాని పెళ్లి

ఆలూరులో రేడియో లేవి అంటే ఒకప్పుడు చిన్న పేరేం కాదు. అతను విప్పని రేడియో లేదు, అతన్ని తిట్టని ఇల్లూ లేదు. రెండు వేల నాలుగు వేసవి నాటికి రేడియోలు పోయాయి, తిట్టేవాళ్లూ కరువయ్యారు. మంగంపేట ముగ్గురాయి గనిలో బావమరిది పని చూసిపెట్టాడు. భార్య కృపమణి పెట్టె సర్దేసి, సోమవారం బస్సెక్కమంది. సోల్డరింగ్ కడ్డీ పట్టిన చేత్తో గడ్డపార పట్టాలంటే లేవికి ఏడుపొచ్చింది.

అంతలో దేవుడు పంపినట్టు వీడియో మిక్సింగ్ షాపు వేణుగోపాల్ పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, కంప్యూటర్లో బొమ్మ రాలేదు, కాలిన వాసన వస్తాండాది. సాయంత్రం రాజ్యలక్ష్మమ్మ కూతురి పెళ్లి వీడియో చూసేకి వస్తాది!"

ఇది కుదిరితే ఊళ్లో కంప్యూటర్లన్నీ తనవేనని లేవి లోపలే పొంగిపోయాడు. వెళ్లి విప్పి చూస్తే, తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు మీద కండెన్సర్ ఒకటి మాడిన పెసరగింజలా ఉంది. పాత సీడీ ప్లేయర్లోంచి అలాంటిదే పీకి అతికించాడు. తెర వెలిగింది. కంప్యూటర్ వేయగానే వచ్చే బొమ్మలోని, ఆలూరు జన్మలో ఎరగని పచ్చటి గుట్ట, నీలాకాశం ప్రత్యక్షమయ్యాయి.

సద్ది తెచ్చిన కృపమణి, కిందటేడు చర్చిలో జరిగిన తమ కూతురి పెళ్లి పెట్టించింది. సున్నం కొట్టిన గోడలు, తెల్ల చీర, తెల్ల చొక్కా పాస్టరు, అన్నీ నీలిమందులో జాడించినట్టున్నాయి.

"ఆ పొద్దు కూడా చీర ఇంత తెల్లగా లేదయ్యా!" అంది. "పిల్ల మొగమే రోంత పాలిపోయినట్లుండాది."

"ఆ పొద్దు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు గదా," అన్నాడు లేవి. బాగైపోయిందని ముగ్గురూ తీర్మానించుకున్నారు.

సాయంత్రం షావుకారు భార్య రాజ్యలక్ష్మమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. తెర మీద పెళ్లికూతురు వచ్చింది. ఎర్ర చీర నల్లగా, తాళి పసుపుతాడు ఆకుపచ్చగా ఉన్నాయి. పెళ్లికొడుకు బొట్టు పెట్టబోతే వేలికి మసి.

"నా బిడ్డ నొసట బొగ్గు పూసినారు గదరా!" రాజ్యలక్ష్మమ్మ కేక బస్టాండు దాకా వినిపించింది.

ఎరుపొక్కటే రావడం లేదని లేవికి అప్పటికి వెలిగింది. గబగబా కార్డు పీకాడు. తెర తీగ తగిలించే చోట, ఎరుపు పోయే దారిలో ఆవగింజంత ముక్క కూడా మాడి ఉంది. దాని మీదుగా సన్న రాగితీగ పెట్టి అతికిస్తూ అతను యేసయ్యను పిలిచాడు, పక్కన రాజ్యలక్ష్మమ్మ తమ కులదేవత వాసవమ్మను పిలిచింది. ఎవరు ముందు పలికారో గానీ, కార్డు మళ్లీ బిగించేసరికి తెర మీద కుంకుమ భగ్గుమంది.

"నీ చేయి శానా చల్లనిదప్పా!" అని ఆమె కళ్లు తుడుచుకుంది. తెల్లారేసరికి షావుకారి కూతురికి లేవి కుంకుమ తెప్పించాడని ఊరంతా అయింది.

పేరైతే వచ్చింది, పని రాలేదు. ఆలూరులో ఉన్న కంప్యూటర్లే రెండు, రెండోది నిక్షేపంగా ఉంది. సోమవారం లేవి బస్టాండులో నిలబడ్డాడు, పెట్టె పట్టుకుని పక్కన కృపమణి. అక్కడ అడ్డం పడింది గిడ్డమ్మ. వేరుశనగ చేలలో నడుము వంగిపోయిన ముసలామె. గుడ్డలోంచి తన పెళ్లి ఫోటో తీసింది. నలుపు తెలుపు ఫోటో.

"కోమట్ల పిల్లకి పెట్నావంటనే. నాదీ పెళ్లప్పటి నుంచీ నల్లగానే ఉండాది. కుంకుమ పెట్టియ్యప్పా."

కార్డు వేరు, ఫోటో వేరు అని చెప్పబోయాడు లేవి. అంతలో వేణుగోపాల్ కంప్యూటర్లో ఫోటోలకు రంగులద్దే ఏర్పాటు ఉందని గుర్తొచ్చి ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. బస్సు హారన్ కొట్టింది, లేవి వినలేదు.

"చీర ఏం రంగమ్మా?"

"కుంకుమ రంగే. మా ముసలోని మీసం మాత్రం ముట్టుకోవద్దు, అది నల్లగానే ఉండల్ల."

అప్పటికే ఆమె వెనక ఇంకో ఇద్దరు ముసలమ్మలు ఫోటోలు పట్టుకుని నిలబడ్డారు. కృపమణి వాళ్లను చూసింది, మొగుడి ముఖం చూసింది. పెట్టె నెత్తికెత్తుకుని ఇంటిదారి పట్టింది.