చమురు బట్టీ మూత

మా సైన్సు సారు పోయారు. ఆ సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. మహదేవపూర్ నుంచి పేపర్లు దిద్దడానికి మహబూబాబాద్ వచ్చిన టీచరొకాయన టీ తాగుతూ మాటల మధ్యలో చెప్పారు. పొద్దున బడికి తయారవుతుంటే గుండె ఆగిందట. నేను కప్పు కింద పెట్టి బయటికి వచ్చేశాను. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడిచిన నెలల్లో జనగామలో బళ్లు మూతపడ్డాయి. సారు మమ్మల్ని నలుగురైదుగురిని తమ ఇంటి వసారాలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు. ఆడపిల్లను నేనొక్కదాన్నే. పెళ్లికి ముందు బొంబాయిలో ఒక చమురు శుద్ధి కర్మాగారంలో మూడేళ్లు పనిచేశారాయన. పుస్తకంలో స్వేదనం అర పేజీ ఉంటే, ఆయన వారం రోజులు చెప్పారు.

మొదట్లో ముడిచమురును సారా కాచినట్టే కాచేవాళ్లట. ఇనుప బట్టీ నింపి కింద మంట పెడితే ముందు తేలికవి, తర్వాత కిరోసిన్, ఆ తర్వాత బరువైన నూనెలు ఆవిరై వచ్చేవి. అడుగున మడ్డి మాడిపోయేది. బట్టీ చల్లారాక మనుషులు లోపలికి దిగి దాన్ని గోకి తీసి మళ్లీ నింపాలి. కొన్నాళ్లకు బట్టీలను వరసగా పేర్చి, చమురు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఆగకుండా పారేలా చేశారు. ఆ తర్వాత ఎత్తైన టవరు వచ్చింది. దాని లోపల అంతస్తులుగా పళ్లేలుంటాయి. పైకెక్కే ఆవిరి, కిందికి జారే ద్రవం అక్కడ కలుసుకుని, ఏ బరువుది ఆ అంతస్తులో విడిపోతుంది.

"బట్టీ చల్లారేదాంక ఆగుడు కష్టమైంది వాళ్లకు. తొందరపడి తెరిచి కాలి సచ్చినోళ్లున్నరు బిడ్డా. గా కష్టంలకెల్లే టవరు పుట్టింది," అనేవారు.

బళ్లు తెరిచాక, బొంబాయి స్నేహితుడు పంపిన సీసాడు ముడిచమురుతో ముందు పాత పద్ధతి చూపించారు. మూత బిగించిన ఇనుప పాత్రను వేడిచేస్తే గొట్టం చివర కిరోసిన్ చుక్కలు పడ్డాయి. పాత్ర కింది మంట ఆర్పి, తాను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, హెడ్మాస్టరు పిలిస్తే వెళ్లారు. అడుగున మడ్డి ఎలా ఉందో చూడాలని నేను మూత తీశాను. ఆవిరి గుప్పుమంది. పక్క బల్ల మీద స్పిరిటు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది; ఆవిరి దానికి తగిలి భగ్గున అంటుకుంది. సారు పరుగెత్తుకొచ్చి నన్ను వెనక్కి లాగి, మంట మీద గోనెపట్టా కప్పారు. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

విచారణలో సారు మూత తానే తీశానన్నారు. నేనక్కడే నిలబడి ఉన్నాను. తెలిస్తే మా బాపు నా చదువు మాన్పిస్తాడన్న భయంతో నోరు విప్పలేదు. సారును మహదేవపూర్‌కు బదిలీ చేశారు. ఆ బడిలో సైన్సు గది కూడా లేదు.

నేను టీచరునయ్యాక ఒకసారి ఆయన్ని చూడటానికి వెళ్లాను. భూపాలపల్లిలో బస్సు మారి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సారు ముడుచుకుపోయిన కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని, ఎడమచేత్తో బోర్డు మీద రాస్తున్నారు. వాళ్లింట్లో అన్నం తిన్నాక, "సార్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"బస్సు టైమైతాంది బిడ్డా," అన్నారు. "పిల్లలకు టవరు మంచిగ చెప్తున్నవా?"

చెప్తున్నానన్నాను. నిజానికి నేనూ ఆ అర పేజీయే చదివించి వదిలేస్తున్నాను. ఆయన మాట మార్చడం క్షమించడమే అనుకుని, తేలికపడి బస్సెక్కాను. ఒక్క నిమిషం ఆగి మాట పూర్తిచేస్తే వినేవారేమో.

మొన్న ఆదివారం వెళ్లి అమ్మకు, అంటే సారు భార్యకు, అంతా చెప్పాను.

"నాకు గీ ముచ్చట తెల్వదు బిడ్డా," అంది ఆమె. "మూత తనే తీసిన్నని నాకు గూడ చెప్పిండు. గింత తొందర మనిషివేందని, నీ తొందరకే గీ అడివిల పడ్డమని ఎన్నిసార్లు అన్ననో. నవ్వేటోడు."

తర్వాత లేచి, దండెం మీద ఆరేసింది ఆరేసినట్టే ఉన్న ఆయన చొక్కా తీసుకుని గడపలో కూర్చుంది. చొక్కా కుడిచేతి మడత విప్పి, అరచేత్తో ముడతలు సాపు చేస్తూ, నేను బయల్దేరేదాకా అలాగే ఉంది.