క్రెసాల్ పడ్డ పంచె

1997 జూలైలో అమలాపురం నుంచి అల్లవరం వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న క్రిమిసంహారక మందుల కర్మాగారంలో ప్రొడక్షన్ కెమిస్టుగా చేరాను. పేరుకు ఆఫీసరు ఉద్యోగమే గాని, ముడిసరుకు పరీక్ష, తయారీ, నాణ్యత, భద్రత అన్నీ నా మెడకే చుట్టారు. నా కింద ఒక సూపర్‌వైజరు, నలుగురు హెల్పర్లు, సీసాలు నింపి లేబుళ్లు అంటించే ఆరుగురు ఆడవాళ్లు ఉండేవారు.

మేము చేసేది ఆసుపత్రి వార్డులు, పశువుల పాకలు కడిగే మందు. అందులో అసలు సరుకు క్రెసాల్. బొగ్గు తారు నుంచి తీసిన ఈ ముదురు గోధుమరంగు ద్రవం డ్రమ్ముల్లో వచ్చేది. అది నీళ్లలో సరిగా కలవదు కాబట్టి ముందు సబ్బు చేయాలి. కోనసీమలో కొబ్బరినూనెకు కొదవేముంది? నూనెను కాస్టిక్ పొటాష్‌తో ఉడికించి మెత్తని సబ్బు చేసి, చల్లారాక క్రెసాల్ కలిపేవాళ్లం. ఇదే క్రెసాల్ వేరేచోట్ల మోటారు వైండింగు తీగ మీద పూతకూ, రెజిన్లకూ, పురుగుమందులకూ వాడతారు.

దీనికో దుర్గుణం ఉంది. ఒంటిమీద పడితే ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి ఆ చోటు తిమ్మిరెక్కి నొప్పే తెలియదు. తగ్గిపోయింది కదా అని ఊరుకుంటే చర్మంలోంచి రక్తంలోకి దిగి కాలేయాన్నీ మూత్రపిండాలనూ పట్టుకుంటుంది. అందుకని తడిసిన బట్ట వెంటనే తీసేయాలి, కనీసం పావుగంట ధారగా నీళ్లు పోయాలి, నూనె గాని ఆయింట్‌మెంటు గాని రాయకూడదు. ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాయించి గోడకు నేనే తగిలించాను. డ్రమ్ముల షెడ్డు పక్కన షవరు కూడా పెట్టించాను. చాలా గర్వంగా ఉండేది.

సూపర్‌వైజరు వీర్రాజు గారికి యాభై దాటాయి. సబ్బు ఉడికిందో లేదో రెండు వేళ్ల మధ్య నలిపి చెప్పేసేవారు. అరగంట తరవాత నా పరీక్ష కూడా అదే మాట చెప్పేది. నాకు కాస్త ఒళ్లు మండేది. పెళ్లిళ్ల రోజుల్లో వంటమేస్త్రీగానూ ఆయనకు గిరాకీ ఉండేది.

చేరిన రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, వీర్రాజు గారు డ్రమ్ములోంచి క్రెసాల్‌ను చేతిపంపుతో తోడుతుంటే గొట్టం బిగింపు ఊడింది. రబ్బరు ఏప్రను ముందువైపును కాపాడింది గాని, పక్కనుంచి కుడి తొడ మీద పంచె తడిసి ముద్దయింది. నేను పరుగెత్తి షవరు తిప్పి, పంచె తీసేసి కింద నిలబడమన్నాను.

వీర్రాజు గారు కదలలేదు. ఎదురుగా ఆరుగురు ఆడవాళ్లు, వాళ్లకు తోడు నేను, ఆడ కెమిస్టుని. “మంట తగ్గిపోయిందండి మేడం గారూ, చల్లగానే ఉందండి. ఇంటికెళ్లి మార్చుకొచ్చేత్తానండి,” అన్నారు. ఇల్లు నడిచి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ తడిసిన పంచె తొడకు అంటుకునే ఉంటుంది. చల్లగా ఉందంటే తిమ్మిరెక్కిందన్నమాటే. గోడమీది బోర్డు చూపించి అరిచాను. ఆయన తల వంచుకుని గేటు వైపు నడిచారు. ఈలోగా ఒకమ్మాయి గిన్నెతో కొబ్బరినూనె పట్టుకొచ్చింది. మా వైపు ఏ గాయమైనా అదే మొదటి వైద్యం. గిన్నె లాగేసుకున్నాను.

సీసాలు నింపేవాళ్లలో పెద్దది మంగాయమ్మ. ఆమె డ్రమ్ములకు నీడ కోసం కట్టిన కొబ్బరాకు దడిని ఊడబీకింది. మరో ఇద్దరితో కలిసి షవరు ముందు నిలబెట్టి, ముగ్గురూ దడికి వీపులానించి అటు తిరిగారు.

“ఎల్లండి బావగారూ, మేం సూడం. మేడం గారూ, మీరూ ఇటు తిరగండి,” అంది.

తిరిగాను. గేటు దగ్గరనుంచి వెనక్కొచ్చిన అడుగులు దడి వెనక్కి వెళ్లాయి. కాసేపటికి దడి మీదుగా పంచె వచ్చి నేలమీద పడింది. మనిషి స్పృహలో ఉన్నాడో లేదో తెలియాలి కాబట్టి మాట్లాడుతూనే ఉండమన్నాను. ఏం మాట్లాడాలండి అన్నారు. పనసపొట్టు కూర ఎలా చేస్తారో చెప్పమన్నాను.

చెప్పారు. చింతపండు పులుసు దాకా బాగానే నడిచింది. ఆవ దగ్గర మంగాయమ్మ అడ్డం పడింది. ఆవ పొయ్యిమీదుండగానే కలపాలంది. “ఆవెప్పుడూ దింపేకే కలపాలండి, లేపోతే చేదొచ్చేత్తాదండి,” అని దడి వెనకనుంచి గట్టిగా కేక. ఆరుగురూ పగలబడి నవ్వారు. నేను గడియారం చూస్తూ నవ్వాపుకోలేకపోయాను. ఇరవై నిమిషాల్లో ఆ కూర మూడుసార్లు వండారు. కడిగిన నీళ్లు కాలవలోకి పోకుండా గోతిలోకి మళ్లించాం. చుట్టూ రొయ్యల చెరువులు మరి.

చివరికి మంగాయమ్మ తన సంచిలోని పాత చీర దడి మీదుగా అందించింది. వీర్రాజు గారు పువ్వుల చీర లుంగీలా చుట్టుకుని, కంపెనీ వ్యాను ఎక్కి అమలాపురం ఆసుపత్రికి వెళ్లారు. మూడు రోజులు ఉంచుకుని మూత్ర పరీక్షలు చేశారు. తొడమీద చర్మం తెల్లబడి, నల్లబడి, ఊడింది. అంతకు మించి ఏమీ కాలేదు. నెల తిరక్కుండా పనిలోకి వచ్చారు.

ప్రమాద నివేదికలో కారణం కింద గొట్టం బిగింపు ఊడటం అని రాశాను. దాని కింద, షవరుకు చాటు లేదు, తప్పు నాది అని రాశాను. మేనేజరు గారు రెండో వాక్యం అవసరమా అన్నారు. ఉంచమన్నాను. వారంలో చుట్టూ గోడ కట్టించి, ఉతికిన లుంగీలు రెండు, నైటీలు రెండు అక్కడ పెట్టించాం.

తరవాత పదేళ్లలో మరో మూడు కర్మాగారాల్లో పనిచేశాను. చేరిన రోజునే షవరు దగ్గరికి వెళ్లి, దీనికింద నేను బట్టలు విప్పి నిలబడగలనా అని చూసేదాన్ని. ఎందుకంటే, ఆ రోజు క్రెసాల్ నా చీరమీద పడి ఉంటే, ఆ బోర్డు రాయించిన నేను కూడా ఇంటికే పరుగెత్తేదాన్ని.