డోళ్లతో పాటు కట్టేసిన ఫ్లాపీ

చంద్రపూర్‌కు కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. గోండుల దండారి ఆటలో పాడే పాటలను కంప్యూటర్‌లో భద్రపరిచే పని ఒక సంస్థ మొదలుపెట్టి, నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది. మాది కోర్పనా వైపు పత్తి పండించే తెలుగు కుటుంబం. పక్కనే గోండు గూడెం. వాళ్లతో మాట్లాడటానికి పనికొస్తానని సంస్థ వాళ్లు అనుకున్నారు. నిజానికి నాకు రానిదల్లా మాట్లాడటమే. ప్రోగ్రాములు రాయడం మాత్రం పుస్తకాలు చదివి నేర్చుకున్నాను.

దండారి పాటలు దీపావళి రోజుల్లోనే పాడతారు. పండుగ ముగిశాక డోళ్లకు పూజ చేసి అటక మీద కట్టేస్తారు. మళ్లీ పండుగ దాకా ఎవరూ ముట్టరు. కంప్యూటర్ కూడా అలాగే మూసుకోవాలనీ, పాటలు రికార్డు చేసిన టేపులు తిరిగి ఇచ్చెయ్యాలనీ గూడెం పెద్ద పటేల్ భార్య షరతు పెట్టింది. సంస్థ నడిపే మా సాబు నవ్వి, సరేనన్నాడు.

పంచాంగం చూసి పండుగ తేదీలు ప్రోగ్రాములో ఎక్కించాను. ఆ రోజుల్లో తప్ప పాట మోగదు. గర్వంగా వెళ్లి చెబితే ఆమె పెదవి విరిచింది.

"పండుగ ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఖతం, ఊరు చెప్తది. ఊర్ల సావైతె ఆగుతది. నీ పంచాంగానికి అదేం ఎరుక బిడ్డా?"

తేదీలన్నీ తీసేశాను. ఇద్దరం కూర్చుని ఇంకో దారి ఆలోచించాం. ఒకే ఒక్క ఫ్లాపీ పెడితేనే పాట తెరుచుకునేలా మార్చాను. ఆ ఫ్లాపీని ఆమె గుడ్డలో చుట్టి, డోళ్ల పక్కన అటకెక్కించింది.

ఎండాకాలంలో పాటలు వినడానికి ముంబై నుంచి పెద్దవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. ఫ్లాపీ తెమ్మని సాబు జీపు పంపితే, పండుగ కాదని ఆమె ఇవ్వలేదు; జీపు ఖాళీగా తిరిగొచ్చింది. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, నువ్వే వేసిన తాళం కదా, ఫ్లాపీ లేకుండా తీయడం నీకు తెలియదా అన్నాడు. తెలియదని చెప్పి తప్పించుకోవచ్చు. ఎప్పుడూ అలాగే తప్పించుకునేదాన్ని.

"తెలుసు సార్. తీయను."

పాటలు సంస్థవని ఆయన అరిచాడు. కంప్యూటర్ సంస్థదే, పాటలు గూడెంవి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అతిథులు చాయ్ తాగి, మూసి ఉన్న తెరను చూసి వెళ్లిపోయారు. నన్ను ఆ సాయంత్రమే పొమ్మన్నారు. తర్వాత తాళం తీసే పద్ధతి అడుగుతూ ఇంటికి రెండుసార్లు మనిషిని పంపారు. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను.