మర్దియాంతో గారి అరచెయ్యి

మా షిప్‌యార్డులో మర్దియాంతో గారికి పని చెప్పడం వచ్చు, చెయ్యడం రాదు. ఇరవై రెండేళ్లుగా సూపర్‌వైజరు. ఒక్కనాడూ ఓడల తుప్పు రాల్చే ఇసుక గొట్టం పట్టిన పాపాన పోలేదు. పట్టిందల్లా కాఫీ గ్లాసు, పక్కవాడి తప్పు.

మనిషి మాత్రం మెరిసేవాడు. నలగని చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, కుడిచేతి నడిమి వేలికి పావురం గుడ్డంత ఆకుపచ్చ రాయి. మా బాతమ్ దీవి మొత్తానికి ఉంగరాల పిచ్చి పట్టిన ఏడాది కొన్నది. పిచ్చి వదిలాక అందరూ రాళ్లు తీసేశారు. ఆయనకు వదల్లేదు.

ఇసుక అని పేరే గానీ, మేం వాడేది రాగి కరిగించాక మిగిలే నల్లరవ్వ. గొట్టం పట్టే తొగార్ అన్నకు పన్నెండేళ్లుగా దాన్ని అందించేది నేనే. ముఖం మూసే టోపీ, తోలు తొడుగులు వేసుకుని అతను గొట్టం ఎత్తితే నల్లటి వాన అడ్డంగా కురిసేది. పాత రంగు, ఉప్పు పొక్కులు, తుప్పు రాలిపోయి, అడుగు నుంచి ఇనుము తెల్లవారుజాము సముద్రంలా బూడిదరంగులో బయటపడేది. దాని మీద కంటికి ఆనని గుట్టలూ పల్లాలూ. రంగు కాళ్లూనేది వాటి మీదే.

అంత శుభ్రమైన ఇనుము మా ఉప్పుగాలికి నాలుగు గంటలు కూడా ఆగదు. ఆలోగా మొదటి పూత పడాలి. ఉత్త చేత్తో అసలే ముట్టుకోకూడదు, చెమటకే తుప్పు లేస్తుంది. నేను చేరిన రోజే తొగార్ అన్న చెప్పాడు: "చూడు, మురిసిపో, ముట్టుకోకు. మీ అత్తగారనుకో."

ఆ రోజు పదకొండింటికి ఓడ ముక్కు దగ్గర పని ముగిసింది. అన్న తిండికి వెళ్లాడు. మర్దియాంతో గారు వేయించిన అరటిపండు నములుతూ వచ్చి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఒక ఫొటో తియ్యి. వెనక నా పని కనబడాలి."

అరచెయ్యి బార్లా పరిచి ఇనుముకు ఆనించి నిలబడ్డాడు, ఓడను తనే కన్నట్టు.

"పాక్, చెయ్యి!" అన్నాను. మా దగ్గర పెద్దవాళ్లను అయ్యా అనడానికి పాక్ అంటాం.

"చెయ్యి కూడా పడనీ" అన్నాడు.

అన్న తిరిగొచ్చేలోగా రంగు పంపు మొరాయించింది. రెండింటికి ఓడవాళ్ల తరఫున తనిఖీకి మేడం క్వెక్ వచ్చేసరికి, బూడిదరంగు ఇనుము మీద ఎర్రటి అయిదు వేళ్లు లేచి ఉన్నాయి.

"ఇతని పనే ఇంత మేడం" అన్నాడు మర్దియాంతో గారు తొగార్ అన్నను చూపించి. "ఇవాళే గేటు కార్డు లాక్కుంటాను."

కార్డు పోయినవాణ్ని మా దీవిలో ఏ యార్డూ గడప తొక్కనివ్వదు. ఇరవై ఏళ్ల పనితనం ఆ ప్లాస్టిక్ ముక్కలోనే ఉంటుంది. అన్న టోపీ తీశాడు.

"నేను తొడుగులు తియ్యను పాక్."

"మరి ఎవరిదది? దెయ్యందా?"

"దెయ్యాలు ఉంగరాలు పెట్టుకోవు పాక్."

మేడం వంగి చూసింది. నడిమి వేలు మొదట్లో తుప్పు పట్టని సన్నటి అడ్డగీత. ఉంగరపు పట్టీ ఉన్నంత మేర.

"మర్దియాంతో, మీ కుడిచెయ్యి చూపించండి."

చెయ్యి అప్పటికే జేబులో ఉంది. "చలిగా ఉంది మేడం" అన్నాడు. ఎండకు ఇనప నిచ్చెన కాలుతోంది.

నేను ఆయన ఫోను ఉన్న జేబు వైపు చూపించి, "ఫొటో కూడా బాగా వచ్చింది మేడం" అన్నాను.

ఆమె నవ్వలేదు. "తొగార్ కార్డు తొగార్ దగ్గరే ఉంటుంది. ఇదంతా మళ్లీ ఇసుక కొట్టించండి" అని వెళ్లిపోయింది.

అన్న టోపీ పెట్టుకున్నాడు.

"ముందు అది చెరిపెయ్ తొగార్" అన్నాడు మర్దియాంతో గారు, గొంతు తగ్గించి.

"వరసలో వస్తున్నా పాక్. పైనుంచి కిందికి."

అంత నింపాదిగా అతను పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. వెల్డర్లు, రంగులవాళ్లు, క్యాంటీన్ ఆడవాళ్లు దూరం నుంచి తమ చేతులు గాల్లో పెట్టి కొలుచుకుని పోయారు. ఎర్రటి చెయ్యి సాయంత్రం దాకా అలాగే ఉంది, ఎవరో ఆశీర్వదిస్తున్నట్టు.

మర్నాటి నుంచి ఉంగరం లేదు. వేలి మీద పాలిపోయిన మచ్చ మాత్రం మిగిలింది. దాని మీద కూడా ఒకసారి గొట్టం పెట్టమంటారా అని తొగార్ అన్న ఇంకా అడగలేదు. మంచి రోజు కోసం చూస్తున్నాడు.