లోడర్‌కు పెట్టిన బొట్టు

రిటైరయ్యేలోపు కంపెనీ చరిత్ర రాసిపెట్టమన్నారు నన్ను. కొండల్లో ఇనుప ఖనిజం తవ్వి, సుపీరియర్ సరస్సు మీదుగా ఉక్కు ఫ్యాక్టరీలకు చేర్చే కంపెనీ మాది. మొదట్లో అద్దె ఓడలు, తర్వాత సొంతవి, ఆ తర్వాత మా రేవే చిన్నబోయేంత పొడవైనవి. ఓడల ఫొటోలు బోలెడున్నాయి. మనుషులవే లేవు. నాకు ఒళ్లు మండి, స్టోర్‌రూంలోని పాత లాగ్‌బుక్కులు దులిపి తిరగేశాను.

నేను చేరిన ఏడాది అక్టోబరు పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అప్పటికి నేను మెయింటెనెన్స్‌లో కొత్త ఇంజినీర్ని. ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఉద్యోగం పోతే పీఆర్ తెచ్చుకుని ఈ దేశంలోనే స్థిరపడే ఆశ కూడా పోయినట్టే. అయినా ఆయుధపూజ నాడు చేతులు ఊరుకోలేదు. విశాఖలో పనిచేసిన రోజుల్లో ఆ పూట పసుపు కుంకుమ పెట్టనిదే ఏ యంత్రాన్నీ ముట్టుకునేవాళ్లం కాదు. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, ఓడలోకి ఖనిజం పోసే లోడర్ తలుపు మీద ఇంత బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, బుద్ధిమంతుడిలా షెడ్‌లో కూర్చున్నాను.

మా రేవులో ఎర్ర గుర్తు ఉంటే ఆ యంత్రం జోలికి ఎవరూ వెళ్లకూడదు. ఆ మాట ట్రైనింగ్‌లో చెప్పారు, తలూపాను కూడా. కుంకుమా ఎర్రగానే ఉంటుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు! ఆపరేటర్ బొట్టు చూసి దూరంగా నిలబడ్డాడు. సరస్సు గడ్డకట్టేలోపు వీలైనన్ని ట్రిప్పులు తిప్పాలని అందరూ పరుగులు పెడుతున్న సమయంలో, ఓడ గంటసేపు ఖాళీగా నిలిచిపోయింది.

ఫోర్‌మన్ వచ్చారు. "ఇది నీ పనేనా?" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన బొట్టు వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, "వెళ్లి పని చూసుకో" అన్నారు.

ఇంటికొచ్చి, "సూట్‌కేసులు దించు, నా జాబ్ ఫినిష్" అన్నాను మా ఆవిడతో.

"మనసులో దండం పెట్టుకుంటే సరిపోయేది కాదుటండీ? అమ్మవారేమైనా సేఫ్టీ ట్రైనింగ్ తీసుకున్నారా, ఆ రూల్స్ తెలియడానికి!" అంది, కళ్లు తుడుచుకుంటూనే.

వారం గడిచినా ఎవరూ పిలవలేదు. ప్రొబేషన్ గట్టెక్కింది. అమ్మవారి దయ అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు ఆ పేజీలో ఫోర్‌మన్ చేతిరాత కనిపించింది. "లోడర్ గంట ఆగింది. తనిఖీ కోసం ఎర్ర గుర్తు నేనే పెట్టించాను. ఆపరేటర్‌కు చెప్పడం మరిచాను. తప్పు నాది."

స్టోర్‌రూంలోనే కూర్చుని ఏడ్చాను. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఎనభై దాటినా గొంతు అలాగే ఉంది.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను.

"ఆ సీజనంతా లోడర్ ఒక్కసారైనా మొరాయించలేదు. మళ్లీ ఏడు నువ్వే పెడతావని చూశాను. నువ్వేమో భయపడి మానేశావు" అని నవ్వారు.

చరిత్రలో మొదటి పేజీ నుంచి ఓడ ఫొటో తీసేసి ఆ లాగ్ పేజీ పెట్టాను. ఈ దసరాకు ఆయన్ని రేవుకు రమ్మన్నాను. సేఫ్టీ వాళ్ల పర్మిషన్ తీసుకున్నాను, ఆపరేటర్‌కు ముందే చెప్పాను. బొట్టు ఆయన చేతే పెట్టిస్తాను.